పరాభవము అంగడి సరుకు కారాదు
(మన సంఘము ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇప్పుడే శాస్త్రులవారు పంచాంగము చదివి వినిపించారు. ఈ 2026 ఉగాదితో మొదలయ్యే సంవత్సరానికి పరాభవ అని పేరు. ముందు వరుసలో కూర్చున్న ఒక పెద్దమ్మగారు, "ఇదేమి పేరమ్మా, పండుగపూట!" అన్న మాట నా చెవిని పడ్డది. 1966లో వచ్చిన ఉగాదికీ ఇదే పేరు. మన తాతలు తండ్రులు ఆ సంవత్సరమును సుఖముగానే దాటి వచ్చారు. కాబట్టి పేరును చూచి బెదరవలసినది లేదు. అయితే ఆ పేరు నాకొక విషయమును జ్ఞాపకము చేసినది. మనిషి పరాభవమును ఫోటో తీసి, అంగడిలో పెట్టి, డబ్బు చేసుకునే వ్యాపారమొకటి ఈ లోకములో ఉన్నది. దానిని గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

నేను న్యాయశాస్త్రము చదివినవాడను కాను. పదవ తరగతి చదివి రైల్వేలో పార్సెలు గుమాస్తాగా చేరినవాడను. తప్పులుంటే పెద్దలు దిద్దగలరు. మన సంఘములో ఇంటికొక పిల్లవాడో పిల్లో పరదేశములో ఉన్నారు గనుక, ముఖ్యముగా అమెరికాలో ఉన్నారు గనుక, ఇది మనకు పట్టని సంగతి కాదని ఈ విషయమును ఎన్నుకున్నాను.

పోలీసులు ఒక మనిషిని అరెస్టు చేసినప్పుడు అతని ముఖమును ఎదుటినుండి ఒకటి, ప్రక్కనుండి ఒకటి ఫోటో తీస్తారు. ఈ పద్ధతికి ఒక క్రమమును ఏర్పరచినవాడు పారిస్ పోలీసు శాఖలో గుమాస్తాగా ప్రవేశించిన ఆల్ఫోన్స్ బెర్టిలాన్. 1880ల మాట ఇది. ఒకసారి పట్టుబడ్డవాడు పేరు మార్చుకొని రెండవసారి వస్తే గుర్తుపట్టుటకు అతడు కొలతలు, ఫోటోలు, కార్డులు పెట్టాడు. గుర్తుపట్టుటే దాని ప్రయోజనము. "ఫలానా తేదీన ఫలానా మనిషిని పోలీసులు పట్టుకున్నారు" అని మాత్రమే ఆ ఫోటో చెప్పగలదు. నేరము చేశాడో లేదో దానికి తెలియదు. అది తేల్చవలసినది కోర్టు. కాని మనిషి కన్ను అంత ఓపికగా చదవదు. రేగిన జుట్టు, నిద్రలేని కళ్లు, వెనుక పోలీసు గోడ, ఇవి చూడగానే "దొంగ" అని తీర్పు చెప్పివేస్తుంది. ఆ తీర్పు మీద అప్పీలు లేదు.

అమెరికాలో చాలా రాష్ట్రములలో అరెస్టు వివరములు, ఫోటోతో సహా, ప్రజలు చూడదగిన రికార్డులు. దీనికి మంచి కారణమే ఉన్నది. ప్రభుత్వము ఎవరినీ రహస్యముగా పట్టుకొనిపోయి మాయము చేయకూడదు; ఎవరిని, ఎందుకు బంధించారో ఊరికి తెలియాలి. మన దేశములో కూడా 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 37వ సెక్షను, అరెస్టయినవారి పేర్లు, చిరునామాలు, వారిపై మోపిన నేరము ప్రతి పోలీసు స్టేషనులోనూ జిల్లా కేంద్రములోనూ కనబడేటట్లు పెట్టాలంటున్నది. పిల్లవాడు ఇంటికి రాకపోతే తల్లిదండ్రులు వెదకుకొనుటకు అది ఆధారము. అందువల్ల అంతా దాచిపెట్టవలెనని నేను చెప్పుట లేదు.

కాని మంచి నూతి నీటితోనే కల్తీ సారా కాచేవారుంటారు. అమెరికాలో మొదట ఈ ఫోటోలనే అచ్చువేసి వారపత్రికలుగా పెట్రోలు బంకుల దగ్గర డాలరుకొకటి అమ్మారు. తరువాత ఇంటర్‌నెట్టు వచ్చినది. జిల్లా షెరీఫు కార్యాలయములవారు తమ వెబ్‌సైట్లలో పెట్టిన ఫోటోలను యంత్రముచేత రాత్రింబగళ్లు ఎత్తి తెచ్చి తమ సైట్లలో పరిచేవారు బయలుదేరారు. ఎవరైనా ఆ మనిషి పేరును గూగుల్‌లో వెదికితే మొదట ఆ ఫోటోయే వచ్చేది. "తీసివేయండి బాబూ" అని వ్రాస్తే, "ఫీజు కట్టు" అనేవారు. సైటునుబట్టి 30 డాలర్లు మొదలు 400 డాలర్ల వరకు ఉండేది ఆ ఫీజు. ఒకచోట కట్టి తీయించుకుంటే మరొక సైటులో అదే ముఖము తేలేది. కేసు కొట్టివేసినా, నిర్దోషి అని కోర్టు చెప్పినా వారికి లెక్క లేదు. కోర్టు విడిచిపెట్టిన మనిషిని అంగడివాడు పట్టుకున్నాడన్నమాట.

దీనివల్ల పోయేవి ఏమిటో మీకు వేరే చెప్పనక్కర లేదు. ఉద్యోగమిచ్చే యజమాని పేరు వెదికి చూస్తాడు. ఇల్లు అద్దెకిచ్చేవాడు చూస్తాడు. సంబంధము కలుపుకునేవారు చూస్తారు. వారెవరూ "ఆ కేసు ఏమయినదయ్యా?" అని ఉత్తరము వ్రాసి అడగరు. మౌనముగా తలుపు మూసివేస్తారు. మూసినది ఎందుకో ఆ కుర్రవాడికి తెలియనే తెలియదు. పుట్టిన ఊళ్లో ఉన్నవాడి సంగతి వేరు. అతని తాతను ఎరిగినవారు నలుగురుంటారు. "వాడు అటువంటివాడు కాడు" అని సాక్ష్యము చెబుతారు. పరాయి ఊళ్లో ఉన్నవాడికి ముఖమే సాక్ష్యము, పేరే ఆస్తి. తరతరములుగా వలస వచ్చి ఇక్కడ పాదుకొన్న మనకంటె ఈ సంగతి ఎవరికి బాగా తెలుసు?

ఈ వ్యాపారమును అదుపు చేయుటకు అక్కడివారు చేసిన ప్రయత్నములు నాలుగు విధములుగా ఉన్నవి.

మొదటిది ఫీజును నిషేధించుట. కాలిఫోర్నియా రాష్ట్రములో 2015 జనవరి 1 నుండి, అరెస్టు ఫోటోను తీసివేయుటకుగాని దిద్దుటకుగాని డబ్బు అడుగుట చట్టవిరుద్ధము.

రెండవది అడిగినప్పుడు తీసి తీరాలనుట. జార్జియా, ఆరిగన్ రాష్ట్రములు 2013లోనే, కేసు కొట్టివేయబడినవారు తగిన కాగితములతో కోరితే 30 రోజులలో ఉచితముగా తీసివేయవలెనని శాసించాయి. ఫ్లోరిడాలో 2018 జూలై 1 నుండి అమలైన చట్టము ప్రకారము, తీసివేయుటకు ఫీజు పుచ్చుకొనే సైటువారు వ్రాతపూర్వకముగా కోరిన 10 రోజులలో ఊరకే తీయాలి. కోర్టు చెప్పినా తీయకపోతే రోజుకు వెయ్యి డాలర్ల వరకు జరిమానా.

మూడవది కుళాయి దగ్గరనే కట్టివేయుట. యూటా రాష్ట్రము 2013లో, ఇట్లు డబ్బు పుచ్చుకొనే సైట్లవారికి షెరీఫు ఫోటోలు ఇవ్వనేకూడదన్నది. న్యూయార్కు 2019లో, పోలీసు పనికి అవసరమైతే తప్ప ఈ ఫోటోలు బయట పెట్టుట వ్యక్తి ఏకాంతమునకు భంగమని చట్టములో చేర్చినది. కాలిఫోర్నియాలో 2022 జనవరి నుండి, హింసతో కూడని నేరములకు పట్టుబడినవారి ఫోటోలను పోలీసులు ఫేస్‌బుక్కు వంటివాటిలో సాధారణముగా పెట్టరాదు. కేంద్ర ప్రభుత్వపు ఫోటోల విషయములో అక్కడి ఆరవ సర్క్యూటు అప్పీలు కోర్టు కథ చెప్పుకోదగ్గది. 1996లో "పత్రికలవారు అడిగితే ఇవ్వవలసినదే" అన్న ఆ కోర్టే, 2016లో పూర్తి ధర్మాసనముగా కూర్చొని 9 మంది ఒకవైపు, 7 గురు ఒకవైపుగా ఆ తీర్పును త్రోసిపుచ్చినది. ఇరవై ఏళ్లలో ఇంటర్‌నెట్టు వచ్చినది. ఒకనాడు పత్రికలో పడి మరునాడు పొట్లము కట్టుటకు పనికివచ్చే ఫోటో, ఇప్పుడు చచ్చేదాకా వెంటవచ్చే ఫోటో అయినది.

నాలుగవది చట్టముతో పని లేనిది. 2013 అక్టోబరులో ఈ సంగతి న్యూయార్క్ టైమ్స్ పత్రిక బయట పెట్టగానే, గూగుల్‌వారు ఆ సైట్లు మొదట కనబడకుండ తమ లెక్క మార్చారు. డబ్బు వసూలుకు దారి ఇచ్చే కార్డు కంపెనీలు కొన్ని వారితో లావాదేవీలు మానుకున్నవి. అంగడికి వచ్చే దారి మూసుకుంటే వర్తకుడు ఎంత అరిచినా ఏమి లాభము?

ఇన్ని చేసినా పని పూర్తి కాలేదు. 2018లో కాలిఫోర్నియా అటార్నీ జనరల్ కార్యాలయమువారు ఇటువంటి సైటు ఒకదానిని నడుపుతున్నారని నలుగురిపై బెదిరించి డబ్బు గుంజుట మొదలయిన నేరములు మోపారు. మూడేండ్లలో దేశమంతట 5,703 మంది వద్ద ఇరవై లక్షల డాలర్లకు పైగా లాగారని అభియోగము. ఫీజు నిషేధించిన రాష్ట్రము నుండే ఈ కేసు వచ్చినదని గమనించండి. సైటు ఒక దేశములో రిజిస్టరయి, యజమాని ఇంకొక చోట ఉండి, బాధితుడు మూడవచోట ఉంటే ఒక్క రాష్ట్రపు చట్టము ఎంత దూరము పోగలదు? పైగా అమెరికా రాజ్యాంగపు మొదటి సవరణ పత్రికా స్వేచ్ఛకు పెద్ద కోట. ప్రభుత్వమే బయట పెట్టిన నిజమైన ఫోటోను అచ్చువేయరాదని చెప్పుట అక్కడ కష్టము. అందుకే చాలా చట్టములు "అచ్చువేయరాదు" అనవు, "తీయుటకు డబ్బు అడగరాదు" అంటాయి. ఆ తేడాలో ఉపాయమున్నది. అచ్చువేయుట స్వేచ్ఛ కావచ్చును. మనిషి మెడమీద కాలు పెట్టి, తీయుటకు ఇంత అనుట స్వేచ్ఛ ఎట్లాగవుతుంది?

పిల్లలు పరదేశములో ఉన్నవారికి ఇక్కడ ఒక హెచ్చరిక. ఫోటో పోయినంతమాత్రాన రికార్డు పోదు. అమెరికా వీసా దరఖాస్తులో "ఎప్పుడైనా అరెస్టయినారా?" అనే ప్రశ్న ఉంటుంది. కేసు కొట్టివేసినా సరే, ఉన్నది ఉన్నట్లు వ్రాసి కోర్టు కాగితము జతచేయాలి. దాచితే చిన్న చిక్కు పెద్ద చిక్కవుతుంది. అట్టి ఇబ్బంది వచ్చినవారు భయపడి కనబడిన సైటుకల్లా డబ్బు పంపకుండ, ముందు ఆ రాష్ట్రపు చట్టమేమిటో అక్కడి వకీలును అడగాలి.

ఇక మన దేశపు సంగతి. ఇక్కడ నా స్వంత అనుభవమొకటి చెప్పుకోవాలి. చెప్పుటకు కొంచెము సిగ్గుగానే ఉన్నది.

2014 ప్రాంతమున, నేను ఉద్యోగములో కొత్తగా చేరిన జంక్షనులో, టిక్కెట్ల కిటికీ ప్రక్కన "జేబుదొంగలున్నారు, జాగ్రత్త" అని ఒక బోర్డు ఉండేది. దానిమీద పదిపన్నెండు ఫోటోలు. వానిలో ఒకటి ఆదోని వైపునుండి వచ్చి మా పార్సెలు ఆఫీసు దగ్గర మూటలు మోసే ఒక కుర్రవాడిది. ప్లాట్‌ఫారము మీద ఎవరిదో సంచి పోతే పదిమందితోపాటు వాడిని కూడా పట్టుకున్నారు. కోర్టు వాడిని విడిచిపెట్టినది. పాత శిక్షలేవీ లేవు. అయినా ఫోటో అక్కడనే ఉన్నది. వాడు ఆ బోర్డు ముందునుండి వెళ్లవలసి వస్తే తువ్వాలు తలమీదుగా కప్పుకొని, గోడవైపు ముఖము తిప్పుకొని పోయేవాడు. నేను రోజూ చూస్తూనే ఉన్నాను. చూచి, నా రసీదులు నేను వ్రాసుకుంటూ కూర్చున్నాను. వాడికి పని తగ్గినది. ఫోటో చూచిన ప్రయాణీకులు వాడిచేత మూట ఎత్తించరు గదా. చివరకు ఒకరోజు వాడే నా దగ్గరకు వచ్చి, "అన్నా, ఆ పటము తీపియ్యల్లంటే యాడికి పోవల్ల? దుడ్డు కట్టమంటే కడతా. ఎవుర్ని అడగల్లో తెలీలేదన్నా" అన్నాడు.

అమెరికాలో డబ్బు అడిగేవాడున్నాడు. ఇక్కడ అడుగుటకు కూడా మనిషి లేడు. రెండూ దుఃఖమే.

అప్పుడు అమలులో ఉన్నది 1920 నాటి ఖైదీల గుర్తింపు చట్టము. దానిలో 7వ సెక్షను చూచి నేను ఆశ్చర్యపోయాను. పూర్వము శిక్ష లేనివాడు విచారణ లేకనే విడుదలైనా, నిర్దోషిగా తేలినా, అతని ఫోటోలు, నెగటివులతో సహా, నాశనము చేయాలి లేదా అతనికే ఇచ్చివేయాలి. కోర్టువారో మేజిస్ట్రేటుగారో కారణము వ్రాసి వేరుగా ఉత్తరువిస్తే తప్ప. పరాయి దొరలు వ్రాసిన చట్టములోనే ఈ మాట ఉన్నది! ఆ సెక్షను ఉదహరించి, కోర్టు తీర్పు నకలు పెట్టి, ఇంగ్లీషులో ఒక అర్జీ వ్రాసి ఇచ్చాను. రెండు నెలలలో ఫోటో దిగినది. అర్జీ వ్రాయుటకు నాకు పట్టినది అరగంట. ఆ అరగంట పని నేను ఏడాదిన్నర ముందు ఎందుకు చేయలేదని ఇప్పటికీ బాధపడుతుంటాను.

మా పార్సెలు ఆఫీసులో ఒక నియమమున్నది. వాడిన పెట్టె తిరిగి బుకింగుకు వస్తే, దానిమీది పాత లేబిళ్లు, పాత గుర్తులు పూర్తిగా చెరిపివేసినగాని పుచ్చుకోకూడదు. పాత లేబిలు మిగిలితే పెట్టె పోవలసిన ఊరికి పోక పాత ఊరికే పోతుంది. కొయ్యపెట్టెకు మనము ఇచ్చే ఈ మర్యాద మనిషికి ఇవ్వవద్దా?

ఆ 1920 చట్టము పోయి 2022 ఆగస్టు 4 నుండి క్రిమినల్ ప్రొసీజర్ గుర్తింపు చట్టము వచ్చినది. దీని ప్రకారము కొలతలు, ఫోటోలు మొదలయినవి జాతీయ నేర రికార్డుల బ్యూరోలో 75 సంవత్సరములు ఉంటాయి. పూర్వము శిక్ష లేనివాడు నిర్దోషిగా బయటపడితే, న్యాయమార్గములన్నీ ముగిసిన తరువాత, కోర్టువారు వేరుగా ఉత్తరువు చేస్తే తప్ప, నాశనము చేయాలి. కాని ఇది ప్రభుత్వపు బీరువాలోని ఫోటో మాట. బీరువానుండి ఒకసారి సెల్‌ఫోనులోకి జారినదానిని ఏ బ్యూరో నాశనము చేయగలదు? అందుకే అరెస్టయినవారిని పత్రికలవారి ముందు ఊరేగించరాదని కేంద్ర హోము శాఖవారు 2010 ఏప్రిల్ 1న రాష్ట్రములకు సలహా వ్రాశారు. అది సలహాయే గాని శాసనము కాదు. అమలు ఎట్లున్నదో సాయంత్రపు టీవీ వార్తలు చూచేవారికి నేను చెప్పనక్కర లేదు.

కోర్టుల మాటకు వస్తే, 1994లో తమిళనాడు నుండి వచ్చిన ఆర్. రాజగోపాల్ కేసులో సుప్రీంకోర్టు, పౌరునికి తన మానాన తాను బ్రతికే హక్కు ఉన్నదని చెప్పినది. ఆ తీర్పు వ్రాసినవారు మన తెలుగువారే, జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డిగారు. అయితే కోర్టు రికార్డులవంటి బహిరంగ పత్రములలో ఉన్నదానిని ప్రచురించవచ్చునని అందులోనే మినహాయింపు ఉన్నది. చిక్కంతా అక్కడనే. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకాంతము ప్రాథమిక హక్కు అని ప్రకటించారు. నిర్దోషిగా విడుదలైన ఒకరు తీర్పులోనుండి తన పేరు తీయించమని కోరితే, మద్రాసు హైకోర్టు 2021లో కాదన్నది. 2024 ఫిబ్రవరిలో అక్కడి ద్విసభ్య ధర్మాసనము తీయుమన్నది. అదే సంవత్సరము జూలైలో సుప్రీంకోర్టు దానిని నిలుపుదల చేసినది. అంత పెద్దలకే త్రాసు ఊగుతున్నదంటే విషయము ఎంత సున్నితమైనదో తెలుస్తున్నది.

మన దగ్గర ఫీజు అడిగే సైట్లు ఆ తీరున పెరగలేదు గనుక ఈ వ్యాపారమే లేదని అనుకోరాదు. ఇక్కడ డబ్బు పట్టుబడినవాడినుండి రాదు, చూచేవారినుండి వస్తుంది. అరెస్టు వీడియోకు భయంకరమైన శీర్షిక, దానిక్రింద ప్రకటనలు. ఎందరు చూస్తే అంత రాబడి. ఆ అంగడికి గిరాకీ మనమే. మనము పంపే ప్రతి ఫార్వర్డూ వారి గల్లాలో పైసా.

ఒక పెద్దాయన నన్ను ముందే అడిగారు: "ఏమి నాయనా, ఆడపిల్లలను ఏడ్పించేవాడి ముఖము ఊరికి తెలియవద్దా? తెలిస్తేనే కదా ఇంకొకరు వచ్చి ఫిర్యాదు చేసేది?" న్యాయమైన ప్రశ్న. పారిపోయినవాడిని పట్టుటకు, ఇతర బాధితులు ముందుకు వచ్చుటకు పోలీసులు అధికారికముగా ఫోటో విడుదల చేయుట వేరు. అందుకొక అధికారి బాధ్యత వహిస్తాడు, కారణము వ్రాస్తాడు, పని తీరిన తరువాత తీసివేయవచ్చును. ప్రకటనల డబ్బు కొరకు ఎవడో పెట్టుట వేరు. మొదటిదానికి చట్టము హద్దు గీయాలి, రెండవదానికి అడ్డు కట్టాలి. పైగా తప్పు ముఖము ఊరికి తెలిస్తే అసలు దొంగ నవ్వుకుంటాడని మరువరాదు.

ముఖముమీద ముద్ర వేయుట ఎంత చెడ్డదో మన దేశము ఒకసారి చూచినది. 1871లో ఇంగ్లీషువారు క్రిమినల్ ట్రైబ్స్ చట్టము తెచ్చి, కొన్ని కులములలో పుట్టినవారందరినీ పుట్టుకతోనే నేరస్థులన్నారు. మన బాపట్ల దగ్గరి స్టూవర్టుపురములోనూ, మహారాష్ట్రలోని షోలాపురములోనూ వారిని కాపలాలో ఉంచే సెటిల్‌మెంట్లు వెలిసినవి. 1952లో ఆ చట్టము రద్దయినది. రద్దయి డెబ్బది ఏండ్లు దాటినా, స్టూవర్టుపురమువాడినని చెప్పుకున్న కుర్రవాడిని ఒకలాగ చూచేవారు ఇంకా ఉన్నారు. చట్టము చెరిపినంత త్వరగా మనస్సు చెరపదు.

కనుక పండుగపూట సభవారికి నా మనవులు మూడు. ఒకటి, మన సంఘపు వాట్సాప్ కూటమిలో అరెస్టు ఫోటోలు, వీడియోలు పంపరాదని నేడే తీర్మానము చేద్దాము. పోలీసువారు సహాయము కోరి అధికారికముగా ఇచ్చినవి మాత్రము ఇందుకు మినహాయింపు. రెండు, మనవారిలో ఎవరైనా కేసునుండి బయటపడితే, ఆ తీర్పు నకలు తెచ్చుకొనుటకు, అర్జీ వ్రాయుటకు సంఘమునుండి ఇద్దరు సహాయపడాలి. వ్రాతపని నేను చేస్తాను. మూడు, సంబంధములు చూచేటప్పుడుగాని, ఇల్లు అద్దెకిచ్చేటప్పుడుగాని, పాత ఫోటో కంటబడితే తలుపు మూసివేయక ముందు, "ఆ కేసు ఏమయినదయ్యా?" అని ఒక్క మాట అడుగుదాము.

ఆ కుర్రవాడి సంగతి చెప్పి ముగిస్తాను. ఫోటో దిగిన రోజున వాడు తువ్వాలు లేకుండ ఆ బోర్డు ముందునుండి నడిచి వచ్చాడు. బోర్డుమీద వెలిసిపోని రంగుతో నలుచదరపు మచ్చ మిగిలి ఉన్నది. దానివైపు చూచి, "ఇది కూడా పోతాదా అన్నా?" అన్నాడు. ఎండ తగిలితే పోతుందిలే అన్నాను. మన మనస్సులలోని మచ్చకు కూడా కొంచెము ఎండ తగలనిద్దాము.

పరాభవ సంవత్సరములో ఎవరికీ పరాభవము కలుగకుండు గాక. అందరికీ ఉగాది శుభాకాంక్షలు. సెలవు.